నోట్లో పిల్లలున్న తల్లి చేపలు

అధ్యక్షస్థానంలో ఉన్న డైరెక్టరుగారికి, నాకన్నా ముందే రిటైరై ఇవాళ నన్ను తమ జట్టులో కలుపుకోవడానికి వచ్చిన పెద్దలకు, తోటి ఉద్యోగులకు, వెనక నిలబడ్డ చేపల తొట్ల సిబ్బందికి, ముందు వరసలో కూర్చుని అప్పుడే గడియారం చూసుకుంటున్న మా ఆయనకు నమస్కారం. (నవ్వులు)

చేపకు ఆకలి ఎలా పుడుతుంది, ఎలా చల్లారుతుంది అన్న ఒక్క ప్రశ్న మీదే ఉద్యోగమంతా గడిపాను. కడుపు ఖాళీ అయితే ఒక హార్మోన్ మెదడుకు 'తిను' అని కబురు పెడుతుంది, నిండితే ఇంకొకటి 'ఇక చాలు' అంటుంది అని భోజనాల దగ్గర కూడా చెప్పి చెప్పి, మా ఆయన చేత 'నా పాలిట ఆ రెండోది నువ్వే' అనిపించుకున్నాను. (నవ్వులు)

ఇలాంటివే ఇంకో నాలుగు చెప్పి దిగిపోదామని వచ్చాను. కానీ డైరెక్టరుగారు ఇందాక నన్ను పొగుడుతూ పొగుడుతూ, సోమవారం తొట్లగది ఖాళీ చేయించి అక్కడ సమావేశ మందిరం కడతామని, దానికి నా పేరే పెడతామని అన్నారు. మీరంతా చప్పట్లు కొట్టారు. నేను మాత్రం కొట్టలేకపోయాను.

నా దగ్గరే చదువుకుని, రేపు నా కుర్చీలోకి వస్తున్న అమ్మాయి తల వంచుకుంది. నీకు తెలుసా తల్లీ? (ఆమె లేచి, "నిన్ననే తెలిసింది మేడమ్. ఇవాళ మీ మనసు పాడుచెయ్యడం ఎందుకని..." అన్నారు.) సరే, కూర్చో. నీ మీద కోపం లేదు.

అయ్యా, ఆ గదిలో కిటికీ పక్క తొట్లలో ఇప్పుడు తల్లి చేపలున్నాయి. ఈ జాతి తల్లి గుడ్లను నోట్లో పెట్టుకుని, అవి పిల్లలై ఈదేదాకా అక్కడే దాచుకుంటుంది. అన్నాళ్లూ మేత ముక్కుకు తగిలినా మొహం తిప్పుకుంటుంది. ఆకలేసినా ఓర్చుకుంటుందా, అసలు ఆకలే వెయ్యదా అని ఏళ్లపాటు వెతికితే, 'తిను' అనే కబురు ఆ రోజుల్లో దాదాపు మూగబోతోందని మా తొట్లలో తేలింది. దాని ఒళ్లే దానికి సాయం చేస్తోంది. కానీ బెదిరితే ఆ కట్టు తెగిపోతుంది. ఒకసారి పక్కగదిలో గోడ పగలగొడుతుంటే ఒక తల్లి పిల్లల్ని మింగెయ్యడం కళ్లారా చూశాను. నోరు బిగించింది, తెరిచింది, లోపల ఎవరూ లేరు. కాసేపటికి మామూలుగా మేతకొచ్చింది. నేను ఆ పూట భోజనం చెయ్యలేకపోయాను.

అలాంటి తల్లుల్ని నా పేరున్న హాలు కోసం వలేసి పడతారా? గది మీది, నిర్ణయం మీది, కాదనను. పిల్లలు బయటికొచ్చేదాకా ఆగండి. ఇది అడిగే చోటు కాదని తెలుసు. రేపటి నుంచి నేనిక్కడ ఎవరినీ కాను గనక ఇప్పుడే అడుగుతున్నాను.

(డైరెక్టరుగారు కూర్చున్నచోటి నుంచే, "పాత తొట్లే కదా అనుకున్నానండీ. వాటిలో తల్లులున్నాయని నాకెవరూ చెప్పలేదు. అవి పిల్లల్ని వదిలేదాకా ఆ గది జోలికి ఎవరూ రారు, నా మాట" అన్నారు.)

చాలండీ. ఇంకేమీ అక్కర్లేదు.

పిల్లల్ని వదిలాక తల్లి మొదటిసారి మేతకు రావడం మీలో చాలామంది చూసి ఉండరు. ఒక గింజ నోట్లోకి తీసుకుంటుంది, వెంటనే బయటికి వదిలేసి దాన్నే చూస్తుంది. అది పిల్ల కాదని నమ్మకం కుదిరాకే మింగుతుందని నాకనిపిస్తుంది, శాస్త్రం ఒప్పుకోకపోయినా సరే. అది చూడ్డానికి ఒక్కసారి వస్తాను. నా గుర్తింపు కార్డు మధ్యాహ్నమే తీసేసుకున్నారు, గేటు దగ్గర కాస్త చెప్పి ఉంచండి.

ఇంతసేపు విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. సెలవు.