డిసెంబరు ముప్పై ఒకటి, కడపటి దినము

హలో… ఆ, నేనేలే, ఆరోగ్యమ్మనే. హిందూపురం చర్చి ఆఫీసే… ఎవరూ, లూర్దమ్మనా! ఏమే, అక్క గుర్తుకొచ్చిందా ఈ పొద్దు? …ఫాదర్ లేడు. పెనుకొండలో ఎవురికో ఒళ్లు బాగలేదంటే పోయినాడు. వచ్చేదాకా ఫోన్ చూసుకోమని నన్ను కూర్చోబెట్టినాడు.

గట్టిగా మాట్లాడు. ఏందే ఆ సప్పుడు, బరబరా అని?

…బ్యాగు సర్దుతాండావా. యాడికి?

…

యాడికీ?

…

ఉండు, నిదానంగా చెప్పు. మీ పాస్టరు పోతులయ్య మందిరమోళ్లంతా… ఆ… ధర్మవరం నుంచి నాలుగు గంటలకు బస్సెక్కి… పెనుకొండ కొండెక్కి… ఎక్కి ఏం చేస్తారు? …ఎత్తబడతారా! ఒంటితోనే పరలోకానికా!

నువ్వా?

…నవ్వలేదు. దగ్గు.

లూర్దమ్మా, అమ్మకు చేతకాకపోతే నిన్ను చంకనేసుకొని ఊరంతా తిప్పినదాన్ని నేను. నిన్ను ఎత్తేది ఎంత కష్టమో నాకు తెలుసు. అప్పుడు నువ్వు చంటిబిడ్డవి. ఇప్పుడు ఎనభై కిలోలు…

సరే, సరే. కోపం చేసుకోవద్దు. బ్యాగులో ఏమేం పెట్టినావు? …రెండు చీరలు. …స్వెట్టరు. …పప్పుల పొడి! పరలోకంలో పప్పుల పొడి దొరకదా? …బీపీ మాత్రలు. ఎన్ని? …నెలకు సరిపడానా! లోకమే ఈ పొద్దుతో అయిపోతాంటే జనవరి నెల మాత్రలు ఎవురికే?

…'ఎందుకైనా మంచిదని.' అవునులే. నీ విశ్వాసం కంటే నీ బీపీ గట్టిది.

బస్సు ఎట్ల మాట్లాడినాడు మీ పోతులయ్య? …రానూపోనూనా! రెండో తేదీ సాయంత్రం మళ్ల ధర్మవరంలో దింపుతాడా? ఎవుర్ని? ఎత్తబడినోళ్లనా?

…'మిగిలిపోయినోళ్లు ఉంటే'. తెలివిగలోడు. ప్రైవేటు బస్సులో కండక్టరుగా చేసినోడు గదా, సీటు ఖాళీగా పోనీడు. ఇప్పుడు లోకానికే రైట్ రైట్ చెప్తాండాడు.

…మేఘాల మీద వస్తాడా. సరే. పెనుకొండ మీద మేఘం చూసి ఎన్నాళ్లయింది చెప్పు? శెనక్కాయ చేన్లన్నీ ఎండిపాయ. దేవుడు దిగల్లన్నా ఒక మేఘం ఉండల్ల గదా.

…నేను ఎగతాళి చేయలేదమ్మే. వస్తాడు. రాడని మేము మాత్రం అంటిమా? ప్రతి పూజలోనూ అంటాము, మళ్ల వస్తాడని. తేదీ అడగొద్దు, అంతే. మొన్న ఫాదర్ చెప్పినాడు, వాన రాకడ ప్రాణం పోకడ ఎవురికీ తెలీదంటారు గదా, ప్రభువు రాకడ కూడా అట్లాంటిదే అని. ఆ దినమూ ఆ గడియా తనకే తెలీదని ఏసుస్వామి చెప్పె. ఆయనకు తెలీనిది పోతులయ్యకు తెలిసిందా?

…ప్రకటన గ్రంథంలో ఉండాదా? మీరు ప్రకటన అంటారు. మా పుస్తకంలో దర్శనం అని ఉంటాది. దర్శనమంటే చూసి దండం పెట్టుకునేది. ప్రకటన అనేసరికి మీవోడు ఆటోకు మైకు కట్టుకొని తిరుగుతాండాడు.

…ఆరువందల అరవై ఆరా? అది కంప్యూటరా! ఎవురు చెప్పినారే? …చూడు, నేను పెద్ద చదువులు చదవలేదు, నిజమే. ఫాదర్ అల్మారాలో దుమ్ము దులిపేటప్పుడు ఒక్కో పుస్తకం చదువుకున్నా. అప్పుడు రోములో ఒక రాజు మనోళ్లను చంపుతాండె. వాని పేరు రాస్తే తల పోతాదని, పేరులో అక్షరాలకు లెక్క కట్టి అంకె రాసినారంట. మనం చీకటి పడినాక పాము అనకుండా పురుగు అంటాం చూడు, అట్ల.

…రేపు రెండువేలు పుడితే కంప్యూటర్లను చెడగొట్టే పురుగు కూడా ఉండాదా? అది వేరే పురుగులేవే! దాన్ని ఇందులో కలపొద్దు.

…ఆ పుస్తకంలో వెయ్యేండ్లు అనింది కూడా లెక్క కాదు. నీకు వెయ్యిసార్లు చెప్పినా అంటా నేను. ఎంచి చెప్పినానా?

…

ఏం? నా కొవ్వొత్తులా?

…ఎవురు చెప్పినారు నీకు? నరసక్కనా? దాని నోట్లో నువ్వుగింజ నానదు. …రెండు డజన్లే. …ఆ, ఆశీర్వదించినవే. మూడు దినాలు చీకటి కమ్ముతాదని ఎవురో కాగితాలు పంచిపెట్టి పాయ. ఫాదర్ చూసి తిట్టినాడు. 'ఇన్నేండ్లు నా పుస్తకాలు దులిపి నువ్వు నేర్చుకున్నది ఇదా ఆరోగ్యమ్మా' అని కాగితం పొయ్యిలో వేసినాడు. కొవ్వొత్తులు మాత్రం నేను ఇయ్యలేదు. …హిందూపురంలో కరెంటు పోదా ఏం?

…సరే, భయమే. భయముండాది నాకు. ఫాదర్ చెప్తాంటే భయం ఉండదు, ఫాదర్ జీపెక్కితే వస్తాది. అయితే భయముంటే ఇంట్లో కూర్చోవల్ల, కొండెక్కకూడదు!

…ఏ బోర్డు?

…మా చర్చి గేటు కాడ బోర్డా? …పోతులయ్య ఫోటో తీసినాడా! ఎప్పుడు వచ్చినాడు వాడు ఈడికి? …పెద్దది చేయించి మందిరంలో కట్టినాడా. 'ఆర్సీఎమ్మోళ్లు కూడా ఒప్పుకున్నారు' అని చెప్తాండాడా.

ఏమని ఉండాది దాంట్లో? చెప్పు.

…'డిసెంబరు ముప్పై ఒకటి కడపటి దినము. అందరును సిద్ధపడవలెను.'

…

అయ్యో, ఆ బోర్డా!

లూర్దమ్మా, అది… అది వేళాంగణ్ణి యాత్రకు. వచ్చేది జూబిలీ సంవత్సరం గదా, చర్చి తరఫున బస్సు పోతాది. పేర్లు ఇచ్చేదానికి ముప్పై ఒకటి లాస్ట్ డేట్ అని రాయమన్నాడు ఫాదర్. చర్చి బోర్డు మీద ఇంగ్లీషు ముక్క ఏం బాగుంటాదని… నేనే కడపటి దినము అని రాస్తి. గంభీరంగా ఉంటాదని.

…సిద్ధపడవలెను అంటే దుప్పటీ చెంబూ తెచ్చుకోమనే! వేళాంగణ్ణి యాత్ర అని కింద రాసినా. సుద్దముక్క అరిగిపాయ, సన్నంగా రాస్తి… ఫోటోలో పడలేదా? …పడలేదా.

…

ఏమంటివి? …పోతులయ్య మాట నువ్వు నమ్మనే లేదా? మూడు నెలల నుంచీనా? మళ్ల ఈ పొద్దు…

…నా రాత చూసి.

…నా 'డ' గుర్తుపట్టినావా. …ఆ, వంకరే. నీకు పలక మీద దిద్దించింది ఆ వంకర 'డ'నే గదా. …'అక్క రాసిందంటే ఊరికే రాయదు' అనుకుంటివా.

అయ్యో నా తల్లీ.

దింపు ఆ బ్యాగు. దింపు చెప్తా. అక్క తప్పు రాసింది. ఫాదర్ తిట్టినా పర్వాలేదు, పోతులయ్యకు కూడా నేనే చెప్తా, తప్పు నాదని. …మగ్గం మీద చీర సగంలో విడిచిపెట్టి ఎట్ల పోతావే? …అందరికీ చెప్పేసినావా. వీధిలో అందరి కాళ్లూ మొక్కి వస్తివా. ఇప్పుడు పోకపోతే నగుబాటా. నగితే నగనీ.

…

ఏమంటివి? …'ఊరికే పోయి, చూసి, రెండో తేదీ వచ్చేస్తా.'

ఆ మాట అనొద్దు.

…చూసి వచ్చేస్తా అనొద్దే లూర్దమ్మా. ఇంకేమన్నా చెప్పు. ఎత్తబడతా అనైనా చెప్పు. ఆ మాట మాత్రం నాకు పడదు.

…ఎందుకంటే… మీ బావ బొంబాయి మిల్లులో పనికి పోయినాడని నీకు చెప్తిమి గదా. నువ్వు చిన్నదానివి, తొమ్మిదేండ్లు. …కాదు. బొంబాయి లేదు, మిల్లు లేదు. ఊరోళ్లకు ఏదో ఒకటి చెప్పల్ల గదా, అమ్మ ఆ మాట పుట్టించింది.

…అప్పుడు అష్టగ్రహ కూటమి అని వచ్చె. ఎనిమిది గ్రహాలు ఒక్కచోట చేరతాండాయి, లోకం మునిగిపోతాదని ఊరూరా హోమాలు చేస్తాండ్రి. మనోళ్లు మాత్రం తక్కువ తినిరా? జపమాల మీద జపమాల. మీ బావ ఏమన్నాడంటే, లోకం పోయేలోపల మా అమ్మను ఒకసారి చూసి వచ్చేస్తా, సోమవారానికి ఈడుంటా అని. వాళ్లమ్మ ఆమడగూరులో ఉండె. సంచి నేనే సర్దితి. రెండు పంచెలు, ఒక దుప్పటి, వేయించిన శెనక్కాయలు.

…ఆడికి చేరలేదు. యాడ దిగినాడో చూసినోళ్లు లేరు. సోమవారం పొద్దున లేచి చూస్తే లోకం యాడిది ఆడనే ఉండె.

…ఏడవద్దు. నేనే ఏడవలేదు, నువ్వెందుకు ఏడుస్తావు?

ఇద్దరుంటే ఒకరు ఎత్తబడతారు, ఒకరు విడవబడతారని పోతులయ్య భయపెడతాడు గదా. ఫాదర్ ఏమంటాడంటే, నోవా ఓడ కాలంలో వరద నీళ్లు ఎత్తుకుపోయింది చెడ్డోళ్లని, విడవబడినోళ్లే బతికిరి అని. నిజమే అయ్యుంటాది. విడవబడినదాన్ని, బతికే ఉండా. ఎట్ల బతికినానో మాత్రం ఆ పుస్తకాల్లో యాడా రాయలేదు.

…హారనా అది? బస్సొచ్చిందా?

లూర్దమ్మా?

…లూర్దమ్మా! లైన్లో ఉండావా?

…

ఎవురి మీద అరుస్తాండావు? …'మా అక్కతో మాట్లాడతాండా, మీరు పోండి' అంటివా! …పోయిందా? నిజంగా పోయిందా? నిన్నిడిచిపెట్టి?

…సరే. నా వల్లనే ఎత్తబడకుండా పోయినావు. ఎవురన్నా అడిగితే ఆ నేరం నా నెత్తిన వెయ్యి. మొయ్యడం నాకు అలవాటే, నిన్ను మోసినదాన్ని.

రేపు పొద్దున ఈడికి రా. కొత్త సంవత్సరం పూజ ఉండాది. మాత్రలు తెచ్చుకో. …ఇప్పుడే పోయి ఆ బోర్డు తుడిచేస్తా. …ఏం రాస్తానా? లాస్ట్ డేట్ అనే రాస్తా. ఇంగ్లీషే మేలు.

జీపు సప్పుడు. ఫాదర్ వచ్చినట్లుండాది. పెట్టేస్తాండా.

…ఏం?

…ఏ దినమా? బావ పోయిందా?

పందొమ్మిదివందల అరవై రెండు, ఫిబ్రవరి మూడు. శనివారం. పొద్దున ఎనిమిది గంటల బస్సుకు పోయినాడు మీ బావ. మళ్ల రాలేదు.