అడుగు దిమ్మ

అనకాపల్లిలో ఒక టీవీల కొట్టు. వేలెడంత గేమ్ పెట్టెను బెల్లం వ్యాపారి సన్యాసిరాజు అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"ఇందులో పదివేల ఆటలా?"

"అవును మామయ్యా. టీవీకి గుచ్చితే సాలు, సిన్నప్పటివన్నీ వత్తాయి." కొట్టతను పెట్టెను టీవీకి గుచ్చి మొదటి నాలుగైదు ఆటలు చూపించాడు.

"మా సిన్నప్పుడు క్యాసెట్ల మీదా ఇలాగే రాసేవోరు. తీరా సూత్తే ఐదే ఆటలు, పేర్లు మార్చేసి. ఏదీ, ఏడువేల మూడొందలోది తియ్యి."

"మంచివన్నీ ముందే ఉన్నాయి కదా?"

"పై దిమ్మ సూసి బెల్లం కొనే మనిషిని కాను. అడుగుది తియ్యి."

కొట్టతను తీశాడు. టీవీలో ట్యాంకులు కదిలాయి.

"ఇందాకటి నాలుగోదే కదేటి ఇది!"

కొట్టతను తల గోక్కున్నాడు. "పోనీ, ఫోన్లో ఆడుకో మామయ్యా. ఊరికే దొరుకుతాయి."

"అద్దం మీద మా సెల్లి వేలు నిలవదు. పక్షవాతం. మీట నొక్కితే సేతికి తెలియాల. దానికి ఈ ట్యాంకులాటంటే ప్రాణం, సిన్నప్పుడు రోజూ నన్ను ఓడించేది."

"ఆ ముక్క ముందే సెప్పొచ్చు కదా!"

"సెప్తే ఆ ఆటొక్కటే సూపించి కట్టేద్దువు. పరీచ్ఛ సెయ్యనిత్తావేటి?"

సన్యాసిరాజు పెట్టెతో వచ్చిన రెండు రిమోట్ల మీటలూ ఒక్కొక్కటే నొక్కి చూశాడు. రెండోదాంట్లో పేల్చే మీట సగంసార్లు పనిచెయ్యలేదు.

"మార్చి ఇత్తాను మామయ్యా."

"వద్దు. మంచిది దానికి, ఇది నాకు. కట్టేయ్."

"నువ్వు ఓడిపోతావు కదా!"

"అది కాదు నా అనుమానం," అన్నాడు సన్యాసిరాజు. "మా సెల్లి ఈ మీట సంగతి కనిపెట్టేత్తాదేమోనని."