నడి ఏట్లో చుక్కాని పట్టిన ధర్మరాజు

ముక్తేశ్వరం రేవులో, అంజిబాబు టీకొట్టు దగ్గిర ధర్మరాజు నోరు విప్పేడంటే కోటిపల్లి వెళ్ళాల్సినవాళ్ళు కూడా గోదారి దాటించే పంటు వదిలేసుకుని కూర్చునేవారు.

“పంటు మీద నా ఉద్యోగమేంటండీ? రేవులో మోకు కట్టడం, విప్పడం. చుక్కాని, పంటు నడిపే సరంగు సూర్యారావుగారిది. అటు తొంగిచూడ్డానిక్కూడా మనకి హక్కు లేదు. అలాంటిది, ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది, వరదలో, నడి ఏట్లో, ఆయన చలిజ్వరంతో దబ్బున కూలిపోయేరండి. పంటు నిండా జనం, మధ్యలో ఓ లారీ. ఎవరో ఒకరు పూనుకోవాలా వద్దా? ఎగిరి చుక్కాని పట్టుకున్నాను.”

“ఆయ్!” అన్నారు బాలగంగాధరం మేస్టారు. టీ గ్లాసు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

“పట్టుకున్నానా, ఎదురుగా సుడిగుండం. ముక్తేశ్వరం ఊరంతా అందులో పట్టేస్తుందండి. లోపలికి చూస్తే ఏటి అడుగున ఇసకా, ఇసక మీద నడుస్తున్న పీతలూ కనిపిస్తున్నాయి. ఇంజను ఠపీమని ఆగిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వేళ్ళతో సహా ఓ కొబ్బరిచెట్టు కొట్టుకొస్తోంది. ఒంటిచేత్తో లాగి, గెడ చేసుకుని, సుడి నడుమ గుచ్చేను. సుడి ఆగిపోయింది!”

“చెట్టుకి కాయలుండాలే?” అన్నాడు అంజిబాబు.

“ఉన్నాయి. జనానికి బొండాలు కొట్టిచ్చేను. రెండో చెయ్యి ఖాళీయే కదా! ఈలోగా ఓ పెంకుటిల్లు తేలుకుంటూ వచ్చింది. లోపల మామ్మగారు అట్లు పోసుకుంటున్నారు. ‘ఎక్కించుకుంటావా నాయనా?’ అన్నారు. ‘ఇంటితో సహా ఎక్కండి’ అన్నాను. ఆ బరువుకి పంటు ములిగిందనుకున్నారా? గోదారే కాస్త అణిగింది! అప్పుడొచ్చిందండి కెరటం. పంటుని ఎత్తి కొబ్బరిచెట్ల తలల మీద పెట్టింది. ఆ తలల మీదుగానే జారుకుంటూ పోయి, రామచంద్రపురం బస్టాండులో ఆపేను. ‘దిగండి బాబూ, కాకినాడ బస్సు అదిగో’ అన్నాను. బస్సు డ్రైవరు దిగొచ్చి నా చేతులు కళ్ళకద్దుకున్నాడండి.”

కోతలని తెలిసినా ఎవరూ కదల్లేదు.

చేపల తట్ట దింపుకుని పంటు కోసం కూర్చున్న పెద్దింట్లమ్మ గొంతు సవరించుకుంది.

“ఒరే ధర్మరాజూ, ఆవేళ ఆ పంటు మీద నేనున్నాన్రా. చుక్కాని పట్టింది మా ఆయన పోతురాజు. నువ్వు కాదు.”

టీకొట్టంతా గొల్లుమంది. ధర్మరాజు తల దించుకున్నాడు.

“నవ్వకండయ్యా,” అంది పెద్దింట్లమ్మ. “సరంగు పడిపోగానే జనమంతా ఏడుపులు పెట్టి ఒక్క పక్కకే ఉరికేరు. పంటు ఒరిగిపోయింది. నీళ్ళు నా తట్టలోకి వచ్చేసేయి. ఇంకో నలుగురు ఇటొస్తే అందరం ఏట్లోనే. మా ఆయన చుక్కాని ఎంత తిప్పితే ఏం లాభం? అప్పుడీడు లారీ మీదకెక్కి అరిచేడు, ‘టిక్కెట్లు! టిక్కెట్లు తియ్యండి! ఎక్కడివాళ్ళక్కడ కూర్చుని చూపించండి!’ అని. మోకు కట్టేవాడు టిక్కెట్లడగడమేంటని ఒక్కరికీ తోచలేదు. అంతమందీ వెనక్కి తగ్గి, చతికిలబడి, బొడ్లోనూ కొంగులోనూ వెతుక్కున్నారు. పంటు సర్దుకుంది. ఒడ్డు చేరేదాకా ఒక్కొక్కరి దగ్గిరికీ వెళ్ళి చూసేడు. నా టిక్కెట్టు తడిసిందని తిట్టేడు కూడాను.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. అంజిబాబు పొయ్యి విసరడం మానేసేడు.

“ఏమోయ్ ధర్మరాజూ,” అన్నారు మేస్టారు మెల్లిగా, “ఇన్నేళ్ళుగా ఇది ఒక్కసారీ చెప్పలేదేం?”

ధర్మరాజు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

“అది చెబితే ఎవరు నమ్ముతారండీ?”