మీ అమ్మ ఉన్న పెట్టె

ఈ తిరుపతిలో కంప్యూటరు గురించి నాకు తెలిసినంత ఇంకెవురికీ తెలీదండీ రమామణిగారూ. కొండమీది దేవుడి తర్వాత నేనే. అంటే, ఊర్లో ఉండేవే మూడో నాలుగో పెట్టెలు, వాటిల్లో రెండింటికి ముసుగు కూడా తియ్యలేదు, అది వేరే సంగతి. నేను నేర్చుకునింది కూడా పెట్టెతోపాటు వచ్చిన పుస్తకం చూసి. అందులోనూ మొదటి సగమే. రెండో సగంలో ఏముండాదంటారా? పెట్టె చెడిపోతే ఏం చెయ్యాలో, అది.

అట్ల గుమ్మంలో నిలబడి చూడద్దండి. రండి, కూచోండి. ఆ స్టూలు కాదు, దాని కాలు ఊగతాది. మీ నాయన కూచునే కుర్చీలోనే కూచోండి.

ఏమంటారు? ఈ పొద్దన్నా ప్రింటు ఇస్తావా అనా? అడగండి, అడగండి. దసరా పోయినప్పటినుంచీ మీరు అడగతానే ఉండారు, నేను ఏదో ఒకటి చెప్తానే ఉండాను. ఒకసారి రిబ్బను అరిగిపోయిందంటిని. ఇంకోసారి కరెంటు లేదంటిని. మీరు తలెత్తి, గిరగిరా తిరగతా ఉండే ఫ్యాను కల్లా ఒకసారి చూసి మెట్లు దిగిపోతిరి. ఆ దినం నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఎంత బాగుండు!

"ధనంజయా, నీ నోట్లోనుంచి నిజం రావాలంటే ముక్కోటి ఏకాదశి రావాల్రా" అంటాడు మా ఆదిమూలం అన్న. అదే, ఈ సెంటరు ఓనరు. మొన్నటిదాకా టైపు ఇన్‌స్టిట్యూటు అయ్యవారు. ఆయన అనే ఏకాదశి ఈ పొద్దే అనుకోండి.

మీ నాయన చెప్పిందంతా పోయిందండీ. పెట్టెలో లేదు.

ఏడవద్దండి... ఏడవలేదా? సరే. అయితే నేనే. ఈ ఏసీ గాలికి నాకు కండ్లలో నీళ్ళు వస్తాయి.

అవును, ఏసీ ఆగిపోయి చాన్నాళ్ళాయ. చూసేసినారు, మీ కండ్లకు దండం.

ఆయన ఉన్నన్నాళ్ళూ మీరేమనుకుంటిరి? మీ నాయన సారంగపాణి అయ్యవారు ఈడికి వచ్చి పాశురాలకు అర్థాలు చెప్పి రాయించుకుంటా ఉండాడనే కదా. ఎవురడిగినా అట్లే చెప్పమని నాతోనూ అన్నాడు. చూపు పోయిన పెద్దాయన, రిక్షా దిగి, గోడ తడుముకుంటా మెట్లెక్కి వచ్చి, మొదటి దినమే అడిగినాడు. "నాయనా, కాయితం మీద రాస్తే చెద పడతాది. అంతకుముందే మా రమ చదివేస్తాది. నీ పెట్టెలో పెడితే?"

నేను ఊరుకుంటానా! "స్వామీ, దీంట్లో పడితే చెద లేదు, తడి లేదు, దొంగ లేడు. రేపు ప్రళయమొస్తే మర్రాకు మీద కిష్టుడూ, ఈడ ఈ పెట్టే, రెండే మిగిలేది" అంటిని.

ఆయన నవ్వినాడు. నవ్వి నమ్మినాడు.

నమ్మేవాళ్ళతో ఎగతాళి వద్దురా అని మాయమ్మ చిన్నప్పటినుంచీ మొత్తుకుంటానే ఉండాది. ఆమె మాట యాడ వింటిని!

ఎండాకాలం నుంచి వినాయక చవితి దాకా, దినామూ మధ్యాన్నం ఈ కుర్చీలో కూచోని, మీ అమ్మ గురించి చెప్పినాడండీ. మీకు మాటలు కూడా రాకముందే పోయిన మీ అమ్మ. ఇంట్లో ఒక ఫోటో లేదు. మీరెప్పుడన్నా అడిగితే లేచి తులసికోట తావకి వెళ్ళిపోయేవాడంట కదా. నాతో అన్నాడు. "రమ ముందర ఆ మాట ఎత్తితే నాకు ఏడుపొస్తాది నాయనా. గోడకు చెప్పుకుంటే పిచ్చోడంటారు. పెట్టెకైతే ఫర్వాలేదు." పక్కన నేను ఉండానే! నన్ను మనిషి లెక్కలో వెయ్యలేదు, చూడండి.

పోయేముందర ఆయన మీ చెయ్యి పట్టుకోని అనిన మాట, మీరే ఈడికొచ్చి నాతో చెప్తిరి, గుర్తుండాదా? "రమా, మీ అమ్మ ఆ ధనంజయ దగ్గర ఉండాది. పోయి తెచ్చుకో."

కర్మలు కాంగానే వచ్చినారు మీరు. అప్పుడు ఉండిందండీ! మొత్తం ఉండింది! మీట నొక్కితే గంటలో వచ్చేసేది. నేనేమంటిని? "దసరా కానీండి, మంచి కాయితం తెప్పించి వేసిస్తా" అంటిని. హాస్టలు మెస్సు బిల్లులు వేసే పల్చటి కాయితం మీద మీ అమ్మను ఇచ్చేదానికి నాకు మనసు రాలేదు. చూడండి మర్యాద! ఆ మర్యాదే ముంచింది.

ఆయుధపూజ నాడు జరిగింది చెప్తా. నవ్వొస్తే నవ్వండి, తేరు వీధి అంతా నవ్వినాది.

ఆదిమూలం అన్నకు ఈ పెట్టె అంటే ప్రాణం. టైపు మిషన్లన్నీ తుడిచి బొట్లు పెట్టినాక దీని ముందర నిలబడి, "మహారాజు పడమటికి తిరిగి కూచున్నాడే, తూర్పుకు తిప్పుదాం పట్టరా" అన్నాడు. చెరొక పక్క పట్టుకోని ఎత్తినాము. అరటి పిలకలు కట్టిన పీట మీద పెడదామని. నడిమధ్యలో ఆయన పంచె అంచు తొక్కుకున్నాడు. దబ్బుమని దించినాము.

దీని కడుపులో ఒక పళ్ళెం తిరగతా ఉంటాదండీ. దాని మీద గ్రామఫోను ముల్లు మాదిరి ఒకటి. పెట్టెను కదిలించే ముందు ఆ ముల్లును ఒక ఓరకు జరిపి పడుకోబెట్టాల. దానికొక ఆజ్ఞ ఉండాది, టైపు చేస్తే చాలు. యాడ రాసుండాదంటారు? చెప్పినా కదా, రెండో సగంలో.

విజయదశమి పొద్దున స్విచ్చి వేస్తే, లోపల పిండిమర మాదిరి గరగరమనింది. తెర మీద సిస్టం లేదు, వేరేది పెట్టు అని ఇంగ్లీషులో అక్షరాలు. అంతే.

సిస్టం అంటే ఏందంటారా? మీకు తెలిసిన మాటలో చెప్తా. తెల్లారుజామున దివిటీ పట్టుకోని ముందర నడిచి, గుడి తలుపు తీసే సన్నిధి గొల్ల ఉండాడు కదా, అట్లాంటిది. ఆయన రాలేదంటే లోపల స్వామి ఉన్నా మనకు దర్శనం లేదు. సరే, గొల్లే కదా రానిది, ఇంకో గొల్లను తెస్తే సరి అనుకోని, వేరే ఫ్లాపీ పెట్టి సిస్టం ఎక్కించినా. ఎక్కింది! తలుపు తెరుచుకునింది! అన్న టెంకాయ కొట్టేదానికి కూడా లేచినాడు.

లోపలికి పోయి చూస్తే గర్భగుడే గీసుకుపోయి ఉండాది. మీ నాయన ఫైలు పేరు మాత్రం కనపడింది. పేరు మీద కొడితే చదవలేను అనింది. మళ్ళా కొడితే మళ్ళా చదవలేను. ఆ దినం ఎన్నిసార్లు కొట్టినానో నాకే తెలీదు.

కాపీ పెట్టుకోలేదా అంటారా? అబ్బ, మంచి ప్రశ్న. ఇంజినీరు మాదిరి అడిగినారు. పెట్టుకున్నానండీ! ఒకటి కాదు, రెండు ఫ్లాపీల్లో పెట్టుకున్నా. మీ నాయన పని కదా అని.

వాటికీ ఆయుధపూజ జరిగింది.

నల్లటి ఫ్లాపీ చూసినారు కదా, విసనకర్ర అంత పల్చగా ఉంటాది. మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో ఒక సందు ఉంటాది, చదివే ముల్లు ఆ సందులోనే తగిలేది. దానికి ఎప్పుడూ కాయితం సంచి తొడిగి ఉంచాల. "సంచి మీద బొట్టు పెడితే దేవుడికి చేరతాదా, తియ్యరా" అన్నాడు అన్న. తీసినా. ఆ నల్లటి దాంట్లో ఆ సందొక్కటే నున్నగా, అచ్చం నుదురు మాదిరి ఉండింది. బొట్టు పెట్టేదానికి ఇంక వేరే చోటు యాడుండాది చెప్పండి!

హాస్టలు మెస్సు వాళ్ళ ఫ్లాపీలకు తలా ఒక చుక్క కుంకుమ పెట్టినా. అవి సగానికి సగం బతికినాయి.

మీ నాయనవి... మీరు వైష్ణవులు కదండీ. చుక్కతో సరిపెడితే ఏం బాగుంటాది? చందనం రంగరించి, అగ్గిపుల్లకు దూది చుట్టి, మీద నుంచి కిందికి నిలువుగా తిరునామం దిద్దినా. మధ్యలో ఎర్ర గీత. సందు పొడుగునా, ఈ కొస నుంచి ఆ కొస దాకా. ఎంత బాగా కుదిరిందో! అన్నను పిలిచి చూపించుకున్నా కూడా.

రెండింటికీ.

నవ్వినారు. పోనీండి, నవ్వినారు కదా. ఏడుస్తా నవ్వితే మీకు గుంట పడతాది బుగ్గన, ఎవురన్నా చెప్పినారా?

సరే సరే. చెప్తా ఉండా.

చెయ్యి కట్టుకోని కూచోలేదండీ నేను. ఆ పళ్ళెం ఉండే డబ్బా ఊడదీసి, మాయమ్మ పాత చీరలో చుట్టి, రేణిగుంటలో మద్రాసు రైలెక్కినా. ఒళ్ళోనుంచి దించలేదు. పక్కన గుండు కొట్టించుకున్న ఒక ముసలామె, "లడ్డూలా నాయనా? వాసన రావడం లేదే" అనింది. "లేదమ్మా, ఒకామె చితాభస్మం" అని నోటికొచ్చింది అనేసినా. ఆమె చెంపలేసుకోని కాళ్ళు ముడుచుకునింది. నేను ఎగతాళికే అన్నానండీ. అరక్కోణం దాటినాక గానీ నేను అనింది నిజమేనని నాకు తట్టలేదు.

మద్రాసులో ఒక అరవాయన ఉండాడు, ఇట్లాంటివి బాగుచేసే ఆయన. పళ్ళెం విప్పి దీపం కింద పెట్టి చూపించినాడు. కొత్త ఇత్తడి చెంబును పీచుతో తోమితే గీతలు పడతాయి చూడండి, అట్ల ఉండాది. "పోచ్చు తంబీ" అన్నాడు. పోయింది అని. నేను కదల్లేదు. ఆడే వాకిట్లో కూచున్నా. మర్నాడు ఆయనకే జాలి పుట్టి, ముక్కలు దొరికితే ఏరి ఇస్తా అన్నాడు.

మూడు ముక్కలు దొరికినాయి. ఇదిగో. తీసుకోండి. మంచి కాయితం మీదే వేసినా.

పెట్టెకు తెలుగు రాదు కదా, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగు. కష్టంగా ఉండాదా? ఇట్లా ఇయ్యండి, నేనే చదువుతా.

"...మోకాళ్ళ పర్వతం తావ కూలబడి, నేనింక రాను, నన్ను చూడాలంటే ఆయన్నే కిందికి దిగి రమ్మనండి అనింది. అపచారం అని నేను లెంపలేసుకుంటే నన్ను చూసి నవ్వింది. ఆమె నవ్వితే వంకాయలు ఎర్రగడ్డలు చింతపండు..."

అది మెస్సు వాళ్ళదండీ. వంకాయలు. ముక్కలు పక్కపక్కన అతుక్కుపోయినాయి. నవ్వితే ఏమయ్యేదో, అది గీతల్లో పోయింది.

రెండోది. "...రమకు పాలు పట్టేటప్పుడు ఒక పాట పాడేది. యాడా వినింది కాదు, ఆమే కట్టుకునింది. నాకు మొత్తం వచ్చు. చెప్తా, రాసుకో నాయనా..."

అంతే. ఆడికే తెగింది.

నీళ్ళు తాగుతారా?

మూడోది చదవాల్నా? చిన్నది. "చాలు నాయనా, మెట్ల మీద చెప్పుల చప్పుడు అయితాంది, రమ వచ్చినట్టుండాది, మూసెయ్ మూసెయ్." ఇదిగో, మూసెయ్ అని రెండుసార్లు. ఆయన నాతో అనిన మాట కూడా టైపు కొట్టేసి ఉండా నేను.

ఏమంటారు? పెట్టె పోతే పోయింది, విన్నోడివి నువ్వుండావు కదా అనా?

ఆ మాట అంటారనే ఇన్నాళ్ళూ రిబ్బను, కరెంటు అని తప్పించుకుని తిరిగినానండీ.

పాట ఒక్కటన్నా చెప్పు అంటారా. అవును, చెప్పినాడు. చెప్పడం కాదు, పాడినాడు, ఈ కుర్చీలోనే, తొడ మీద తాళం వేసుకుంటా. నేను కొట్టినా. మీకు టైపు వాళ్ళ సంగతి తెలీదు. చెవిలో పడింది వేళ్ళలోకి పోతాది, మధ్యలో బుర్రకు తగలదు. మొన్న ఈ గది తలుపు వేసుకోని, పాత టైపు మిషను ముందర కండ్లు మూసుకోని వేళ్ళను అట్లే వదిలినా. మీకన్నా గుర్తుండాదేమో కొట్టండే తల్లీ అని. ఏం కొట్టినాయంటారు? ఇన్‌స్టిట్యూటులో మొదటి దినం పాఠం. ఏ ఎస్ డి ఎఫ్.

అంత మాట చెప్తా ఉంటే నీ బుర్ర యాడికి పోయిందని అడగరే?

వద్దండీ. అడగద్దండీ. ఏదో ఒక పాట కట్టి, ఇదే మీ అమ్మ పాట అని చెప్పేద్దామని కూడా అనుకున్నా. ఒక లైను కట్టినా కూడా. మీరు నమ్ముతారు. మీరూ మీ నాయన మాదిరే, నవ్వి నమ్ముతారు. అందుకే చెప్పలేకపోయినా.

నా బుర్ర మెట్ల మీద ఉండిందండీ.

కంప్యూటరు గదిలోకి దుమ్ము రాకూడదని చెప్పులు బయట విడవాల కదా. స్కూల్లో పాఠాలు చెప్పి, ఆయన్ను ఇంటికి పిలుచుకుపోయేదానికి మీరు వస్తారు, ఆ మెట్ల మీద ఎడమ చెప్పు ముందు విడుస్తారు, తర్వాత కుడిది, దాని తెగిన వారుకు పిన్నీసు పెట్టుంటారు. మీ నాయన ఆ చప్పుడు ఎప్పుడయితాదో, మాట ఎప్పుడు ఆపాలో అని చెవి పెట్టుకోని ఉంటే, నేనూ అదే చప్పుడు కోసం చెవి పెట్టుకోని ఉంటిని. ఆయన ప్రాణం పెట్టి మీ అమ్మను చెప్తా ఉంటే, నేను తలుపు కల్లా చూస్తా కొడతా ఉంటిని. మీరు ఏ దినం ఏ రంగు చీర కట్టుకోని వచ్చినారో అడగండి, చెప్తా. ఒక్కటీ తప్పు పోను.

చూడద్దండి అట్ల. ఇంకొకటుండాది, అదీ చెప్పేస్తే అయిపోతాది. ఆయన మీ అమ్మను పేరు పెట్టే చెప్పేవాడు. ఎండాకాలం నుంచి చవితి దాకా, దినామూ, ఈ చేతుల్తో కొట్టినా ఆ పేరు.

మీ అమ్మ పేరేందండీ?