శనివారం తెల్లబట్టలు

శనివారం మధ్యాహ్నం. సమోవాలోని మా ఊరి మైదానంలో ఆడపిల్లల నెట్‌బాల్ స్తంభాలు పీకబోతున్న కుర్ర కోచ్‌ను ఓ ముసలాయన అతని చేతిలోని గునపం పట్టుకుని ఆపాడు.

"ఎందుకురా పీకడం?"

"ఆడపిల్లలు ఆటకు రావట్లేదు తాతా. ఫోన్లొచ్చి చెడిపోయారు."

"మగపిల్లలు వస్తున్నారుగా. వాళ్ల ఫోన్లకు చెడగొట్టడం రాదా?"

"ఏమో. నేనైతే ప్రతి శనివారం చూస్తున్నా. ఒక్కతీ రాదు."

"శనివారమే చూశావా? నేను విసిరిన బంతి సముద్రం దాటి టోంగా దీవిలో కొబ్బరికాయలు రాల్చిందిరా, నమ్ముతావా?"

"నమ్మను."

"ఫోన్లొచ్చి చెడిపోయారన్న నీ మాటా అంతే. రేపు చర్చికి నువ్వేసుకునే తెల్లబట్టలు ఇప్పుడెవరు ఉతుకుతున్నారు?"

"చెల్లి."

"మిగతా ఇళ్లల్లో?"

"...వాళ్ల చెల్లెళ్లే."

"గునపం నాకిచ్చి, ఇంటికెళ్లి నీ బట్టలు నువ్వుతుక్కో. అప్పటికీ మీ చెల్లి ఆటకు రాకపోతే, స్తంభాలు నేనే పీకుతా."