వినిపెట్టే డాక్టరు

"పక్కింటి పిన్ని చెప్పిందే, నువ్వు కారులో కూర్చుని ఫోన్లో ఎవరితోనో చెప్పుకుని ఏడుస్తున్నావట!"

ఆరిన బట్టలు మడతపెడుతూ కూతుర్ని అడిగింది తల్లి.

"ఎవరో కాదమ్మా, మనసు డాక్టరు. ఆన్‌లైన్‌లోనే చూస్తుంది."

"డబ్బులు తీసుకుంటుందా?"

"గంటకి నా రెండు రోజుల జీతం."

"ఓరి నాయనో! ఊరికే వినడానికా? ఇన్సూరెన్సు వాళ్ళివ్వరూ?"

"మొదటి నాలుగుసార్లకే సగం ఇచ్చారు. ఇక మొత్తం నేనే పెట్టుకోవాలి."

తల్లి చేతిలోని చొక్కా పక్కన పెట్టేసింది.

"మానెయ్యవే తల్లీ! నాకు చెప్పుకో. కన్నదాన్ని, పైసా అడుగుతానా?"

"మా ఆయన వదిలేసి పోయాడని మొదట నీకే చెప్పానమ్మా. పొద్దున నీకు చెబితే, సాయంత్రానికల్లా పిన్ని నన్ను ఓదార్చడానికొచ్చింది. ఈ డాక్టరు ఎవరికీ చెప్పదు. ఆ డబ్బు అందుకే."