నాలుగు లైన్ల ఫైనల్

పేపరు ఆఫీసులో క్రీడల పేజీ ఇన్‌చార్జి గది. ఆయనకెదురుగా, కండక్టరు యూనిఫాంలో, ఆ ఊరి ఆడవాళ్ళ ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్. డ్యూటీకి పోతూ పోతూ వచ్చింది. చేతిలో ఆ రోజు పేపరు నలిగిపోయి ఉంది.

"నాలుగు లైన్లు సార్. అదీ పరుపుల ప్రకటన కింద."

"వేశాం కదమ్మా! వెయ్యకపోతే వెయ్యలేదంటారు, వేస్తే చిన్నగా వేశారంటారు. ముందు కూర్చో."

"కూర్చోను. నా బస్సు తొమ్మిదింటికి. పైన సగం పేజీ చూడండి. మగవాళ్ళ జట్టులో ఒకాయనకి చీలమండ బెణికిందట. దానికి ఫోటో. కాలి ఫోటో సార్! మొహం కూడా కాదు."

"ఆ కాలు ఎప్పుడు బాగవుతుందా అని ఊరంతా చూస్తోంది. జనం చదివేదే మేం వేస్తాం."

"మీరు వేస్తేగా జనం చదివేది!"

"అరవకు. కప్పు గెలిచారు, హాయిగా ఉండక..."

"నేనొచ్చింది అందుకు కాదు సార్. అసలు సంగతేంటంటే—"

"హెడ్డింగు. తెలుసు. ‘అమ్మాయిల ఆట అదుర్స్’ అని పెట్టాం. బానే ఉందిగా?"

"నాకు ముప్పై ఒకటి. మా గోల్‌కీపర్ కొడుకు బడికి పోతున్నాడు. ఇంకా ఎన్నాళ్ళు అమ్మాయిలం?"

"ముద్దుగా అన్నాంలే."

"ముద్దు ఎవరడిగారు? సార్, నన్ను ఒక్క మాట చెప్పనివ్వండి. నిన్న—"

"ఫోటో కదా? పాతది పడింది. ఒప్పుకుంటున్నా."

"అందులో ముగ్గురు ఆట మానేసి రెండేళ్ళయింది."

"డెస్కులో ఏది దొరికితే అది పెడతారు. ఆ జెర్సీల్లో అందరూ ఒకేలా..."

"ఒకేలా?"

"అంటే... దూరం నుంచి."

"దగ్గరికి ఎప్పుడొచ్చారు మీరు? పదకొండేళ్ళుగా ఆడుతున్నా. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, గ్రౌండుకి వచ్చారా?"

"నాకు నడుం నొప్పి. మా విలేకరి వస్తాడుగా."

"అయితే ఆయన్ని పిలవండి."

"ఇప్పుడే వచ్చాడు పాపం, టీ తాగుతూ—"

"పిలవండి సార్. ఆయన నోటితోనే వినాలి."

"మొండిదానివే! ఏమయ్యా విలేకరీ, ఇలా రా. ఈమె ఎవరో తెలుసుగా?"

"ఎందుకు తెలీదు సార్! గోల్‌కీపర్."

"కెప్టెన్ని. ముందు వరసలో ఆడతా."

"అదే, అదే అక్కా."

"నిన్నటి ఫైనల్ వార్త మీరే రాశారా?"

"నేనే అక్కా. ‘కేరింతలతో దద్దరిల్లిన గ్రౌండు’ అని కూడా రాశా. డెస్కులో కోసేశారు."

"రెండు సున్నా అని రాశారు. మొదటి గోల్ ఎవరు కొట్టారు?"

"మొదటిదా... ఆ పొడుగమ్మాయి."

"ఎన్నో నిమిషంలో?"

"నిమిషాలెవరికి గుర్తుంటాయక్కా!"

"పోనీ, రెండోది?"

"రెండోది... సార్, ఇదేం విచారణ సార్?"

"అవునమ్మా, పొద్దున్నే ఏంటిలా గుచ్చి గుచ్చి..."

"ఒక్కటే అడుగుతా. మీరెక్కడ కూర్చుని చూశారు?"

"కూర్చోలేదు."

"నిలబడ్డారా?"

"నిలబడలేదు కూడా. ఫుట్‌బాల్ సంఘం సెక్రటరీ గారు ఫోన్లో చెప్పారు, రాసుకున్నా."

"ఏంటయ్యా! నువ్వసలు వెళ్ళలేదా?"

"మీరేగా సార్, ఆడవాళ్ళ మ్యాచ్‌కి మనిషెందుకు, ఓ ఫోన్ కొడితే చాలన్నారు!"

"నువ్వు కాసేపు నోరు మూసుకో."

"ఆయన్నెందుకు సార్ అంటారు? పొద్దున మా వీధిలో అందరూ నన్నాపి మెచ్చుకున్నారు. పాలాయన చెయ్యి కూడా కలిపాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు."

"మెచ్చుకుంటే సిగ్గెందుకమ్మా? సరే, తప్పు మాదే. రేపు సవరణ వేస్తా. పెద్దగా. పేర్లతో, నిమిషాలతో సహా. పరుపులు కిందికి పోతాయి, నువ్వు పైకొస్తావు. ఇదిగో, కలం పట్టుకున్నా. గోల్స్ కొట్టిందెవరో చెప్పు."

"ఎవరూ కొట్టలేదు సార్. మేం ఆడితే గడ్డి పాడవుతుందని ఆ సంఘం వాళ్ళు గ్రౌండు గేటు తాళం తియ్యలేదు. రెండు జట్లం బూట్లు కట్టుకుని సాయంత్రం దాకా రోడ్డు మీద నిలబడి ఇళ్ళకి పోయాం. నిన్న ఫైనల్ అసలు జరగనే లేదు."